తోటికోడలి నవలపై అభిప్రాయం

మెట్ల మీద చప్పుడు వినగానే పెద్దకోడలికి అనుమానం వచ్చింది. చిన్నకోడలు మామూలప్పుడు ఒక్కో మెట్టూ ఎక్కి వస్తుంది. మంచి కబురు మోసుకొస్తున్నప్పుడే ఇలా రెండేసి మెట్లు ఎక్కుతుంది.

“అక్కా! జవాబొచ్చింది! పుస్తకం మొత్తం పంపమన్నారు!”

పెద్దకోడలు వంటగట్టు తుడుస్తున్న గుడ్డ కింద పెట్టలేదు. “ఎవరూ?” అంది, ఏమీ తెలియనట్టు.

“అదే అక్కా, బయటి దేశం పబ్లిషర్లు. రెండు ఉత్తరాలకి పలకలేదు, మూడోది కూడా రాశానని చెప్పాగా. దానికి పలికారు.”

“చాలా సంతోషం అమ్మా.”

సంతోషం అన్న ఆ ఒక్క మాట గొంతు దాటడానికి పడ్డ అవస్థ ఎవరికైనా తెలిసిందంటే అది చేతిలోని గుడ్డకే. పిండిన పిండుడుకు అందులో చుక్క నీరు మిగల్లేదు.

అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టుకున్న మేడ అది. పైన పెద్దవాళ్ళు, కింద చిన్నవాళ్ళు, వాళ్ళతో పాటు అత్తగారు. పెద్దకోడలు కాలేజీలో సాహిత్యం చెబుతుంది, నవలలు రాస్తుంది. రాయడమంటే అలా ఇలా కాదు. పుస్తకాలు చదివేవాళ్ళు ఆవిడ వస్తే లేచి కుర్చీ ఇస్తారు. చదవనివాళ్ళు కూడా చదివినట్టే తల ఊపుతారు. పెళ్ళికి ముందే పేరు రావడంతో పుస్తకాల మీద ఇప్పటికీ పుట్టింటి పేరే వేసుకుంటుంది. బహుమతులిచ్చే కమిటీల్లో కూర్చుంటుంది. ఆవిడ పెదవి విరిచిందంటే ఆ పుస్తకం పని అయిపోయినట్టే.

చిన్నకోడలు అలా కాదు. నేల మీద పరిచే టైల్స్ తయారుచేసే కంపెనీలో, ఎగుమతుల విభాగంలో ఉద్యోగం. ముఖం చూడని మనుషులకు ఉత్తరాలు రాయడం, శాంపిల్ పెట్టె పంపడం, అందిందా అని అడగడం, రంగు నచ్చిందా అని మళ్ళీ అడగడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పని. అవతలివాళ్ళు పలక్కపోతే వద్దన్నట్టు కాదని, పనిలో ఉన్నట్టని ఆ ఆఫీసులో మొదటి రోజే నేర్పుతారట. ఆవిడ రాసింది ఒకే ఒక్క నవల. అచ్చయింది, అక్కడా ఇక్కడా సమీక్షలొచ్చాయి, తర్వాత దాని ఊసెత్తినవాళ్ళు లేరు. ఇంకొకరైతే లోకం తీరింతేనని నిట్టూర్చి ఊరుకునేవారు. ఈవిడ మాత్రం టైల్స్ పంపినట్టే పంపింది. ఎవరిచేతో మొదటి అధ్యాయం ఇంగ్లీషు చేయించింది. కథంతా ఒక్క పేజీలో పొందుపరిచింది. తన నవలలాంటివి ఏ దేశంలో ఎవరు వేస్తున్నారో వెతికి, అక్కడ పుస్తకాలు ఎంపిక చేసేవాళ్ళ పేర్లు పట్టుకుని, ఒక్కొక్కరికీ విడిగా రాసింది.

ఇదంతా చూస్తుంటే పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయేది. రచయిత తన పుస్తకాన్ని తనే మోసుకుని గుమ్మం గుమ్మం తిరగకూడదని ఆవిడ ఎన్నో సభల్లో చెప్పింది. పుస్తకంలో సత్తా ఉంటే వాళ్ళే వెతుక్కుంటూ వస్తారని చెప్పింది. చెప్పి, ఎదురుచూస్తూ కూర్చుంది. మొదట్లో పోస్టు కోసం చూసిన మనిషి ఇప్పుడు మెయిల్ కోసం చూస్తోంది. తేడా అంతే.

“నీ నవల కూడా పంపుదామక్కా” అంది చిన్నకోడలు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “కథ ఒక్క పేజీలో రాసివ్వు చాలు. మిగతాదంతా నేను చూసుకుంటా.”

“నా నవల ఒక్క పేజీలో పట్టదు.”

“ఇల్లంతా పరిచే టైలైనా మేం పంపేది అరచేతంత ముక్కేగా అక్కా.”

“నవల టైలు కాదమ్మా. నన్ను అడిగితే ఇస్తాను. నేనుగా వెళ్ళి దేబిరించను.”

చిన్నకోడలు నవ్వేసి, “సరేలే, నీ ఇష్టం” అని లేచింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఉంటే పెద్దకోడలికి కాస్త ఊరటగా ఉండేది. కోపగించుకోవడానికి కూడా చోటివ్వని మనుషులతో వేగడం కష్టం.

మర్నాడు కూరగాయలు తీసుకోవడానికి కిందికి దిగితే అత్తగారు పట్టుకుంది. “చిన్నదానికి పరాయిదేశం నుంచి ఉత్తరం వచ్చిందటగా! నీకేమైనా వచ్చిందా?”

“నేను వాళ్ళకి రాయలేదు అత్తయ్యా.”

“రాయకుండా ఎలా వస్తుందే మరి?” అంది ఆవిడ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. ఆవిడ మామూలుగానే అడిగింది. పెద్దకోడలికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పూట కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. భర్త నోరు మెదపకుండా తిని లేచాడు. ఆయన తెలివైనవాడు.

నాలుగైదు వారాలు గడిచాక కాలేజీ స్టాఫ్ రూములో మెయిల్ తెరిస్తే పరాయిదేశపు పేరు ఒకటి కనిపించింది. వచ్చారు, వెతుక్కుంటూ వచ్చారు అనుకుంది. చదివింది. వచ్చిన మాట నిజమే గానీ, వచ్చింది తన పుస్తకం కోసం కాదు.

వాళ్ళ పద్ధతి ఒకటుంది. తమకు రాని భాషలో పుస్తకం వస్తే, ఆ భాష బాగా తెలిసిన ఒకరి చేత గుట్టుగా చదివిస్తారు. కథేమిటో, ఎలా ఉందో, తమవాళ్ళకు పనికొస్తుందో లేదో రాసిమ్మంటారు. చదివినవాళ్ళ పేరు రచయితకు చెప్పరు. అలా చదవమని ఇప్పుడు ఈవిడను అడిగారు. బహుమతుల కమిటీ సభ్యుల పేర్లలో ఈవిడ పేరు చూశారట. చదవాల్సిన నవల చిన్నకోడలిది. పెద్దకోడలు పుట్టింటి పేరుతో రాస్తుంది కాబట్టి వాళ్ళకు ఏ అనుమానమూ రాలేదు. అయినా పద్ధతి ప్రకారం చివర్లో ఒక ప్రశ్న అడిగారు. ఈ రచయితతో మీకు బంధుత్వం గానీ స్నేహం గానీ ఉందా? ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి, వేరొకరిని అడుగుతాం.

మా మరిది భార్య అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. పెద్దకోడలు కుర్చీలో అటూ ఇటూ కదిలింది. గ్లాసెడు నీళ్ళు తాగింది. చివరికి “పరిచయం లేదు” అని రాసి పంపింది. తొందరపాటు కాదు, మతిమరుపు కాదు. ఇక్కడ ఆవిడను వెనకేసుకు రావడానికి ఎవరికీ దారి లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ నవల ఆవిడ అంతవరకూ చదవలేదు. ఆవిష్కరణ సభలో దాని గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. అప్పటికి చూసిందల్లా అట్ట వెనక మాటలు, మొదటి నాలుగు పేజీలు, మధ్యలో ఎక్కడో ఒక పేరా. సభల్లో నలిగినవాళ్ళకు అది ధారాళంగా సరిపోతుంది. “అక్కకు, ప్రేమతో” అని సంతకం చేసిచ్చిన పుస్తకం అలమరలో కొత్తవాసన కూడా పోకుండా అలాగే ఉంది. దాన్ని ఇప్పుడు సంచీలో వేసుకుని కాలేజీకి తీసుకెళ్ళింది. ఇంట్లో చదివితే ఎవరైనా చూస్తారని భయం.

తప్పులు పట్టడానికి పెన్సిలు పట్టుకుని కూర్చుంది. నవల్లో ఒక ఆడమనిషి ఉంటుంది. టైల్స్ ఫ్యాక్టరీలో తనిఖీ పని. బెల్టు మీద వరసగా వస్తున్న టైళ్ళను చిన్న కర్రతో తట్టి వింటుంది. ఖంగుమంటే మంచిది. లోపల బీట ఉంటే మొద్దుగా పలుకుతుంది, దాన్ని రెండో రకం కుప్పలోకి తోస్తుంది. పగలంతా వినీ వినీ ఇంటికెళితే మొగుడి మాట, పిల్లల మాట, ఏది ఖంగుమంటోందో ఏది మొద్దుగా ఉందో తెలిసిపోతూ ఉంటుంది. తెలిసినా ఏమీ అనదు. నవల్లో ఎక్కడా ఉపన్యాసం లేదు. మొదటిరోజు పెద్దకోడలి పెన్సిలు నాలుగైదు చోట్ల కదిలింది. రెండోరోజు పెన్సిలు ఎక్కడ పెట్టిందో ఆవిడకే గుర్తులేదు.

చివరి అధ్యాయంలో ఆ మనిషి తన ఇంటి వెనక చిన్న గది ఒకటి వేసుకుంటుంది. డబ్బు చాలక రెండో రకం టైళ్ళే తెచ్చి పరుస్తుంది. మేస్త్రీ వెళ్ళాక కింద కూర్చుని గోటితో ఒక్కొక్కటీ తట్టి చూస్తుంది. అన్నీ మొద్దుగానే పలుకుతాయి. ఆవిడ నవ్వుకుని, ఆ నేల మీదే పడుకుని నిద్రపోతుంది. అంతే నవల.

పెద్దకోడలు స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చింది. లోపలికొచ్చిన చరిత్ర మాష్టారు “ఏమైందండీ?” అని కంగారుపడితే జలుబంది.

పుస్తకం బాగోకపోయుంటే ఆవిడ బతికిపోయేది. పాపం అనుకుని, నాలుగు మంచిమాటలు రాసి పంపి, పెద్దమనసు చాటుకునేది. బాగుండటంతోనే వచ్చింది చిక్కంతా. ఇన్నేళ్ళు, ఇన్ని పుస్తకాలు, ఇంత పేరు. అలాంటి పేజీ ఒక్కటి తన చేత్తో రాయలేదు. సుతిమెత్తగా ఉత్తరాలు రాసుకునే ఆ టైల్స్ పిల్ల, రేషన్ సంచీ భుజాన వేసుకుని బస్సెక్కే ఆ పిల్ల రాసేసింది. కళ్ళు కుట్టడమంటే ఏమిటో పెద్దకోడలు తన నవలల్లో చాలాసార్లే వర్ణించింది. అవేవీ నిజం కాదని ఆరోజు తెలిసింది. అది కళ్ళలో ఉండదు, పొట్టలో ఉంటుంది. అన్నం ముద్ద దిగదు.

కమిటీల్లో కూర్చున్నవాళ్ళకు పుస్తకాన్ని మర్యాదగా చంపడం చేతనవుతుంది. తిట్టకూడదు. తిడితే అవతలివాళ్ళకు ఆసక్తి పుడుతుంది. మెచ్చుకోవాలి, నీరసంగా. “చిత్తశుద్ధితో రాసిన తొలి ప్రయత్నం” అంది. “ఫ్యాక్టరీ వివరాలు విస్తారంగా ఉన్నాయి, కొందరికి నచ్చవచ్చు” అంది. “మీ పాఠకులకు ఎంతవరకు అందుతుందో చెప్పలేను” అంది. ఒక్కొక్క అధ్యాయం గురించీ శ్రద్ధగా రాసుకుంటూ పోయి, చివరి అధ్యాయం దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. “ముగింపు సాధారణం” అని రెండే రెండు మాటలు రాసి పంపేసింది.

కొద్దిరోజులకు చిన్నకోడలు పైకి వచ్చింది. మెట్ల మీద చప్పుడే లేదు.

“వద్దన్నారక్కా.”

“అయ్యో.”

“పర్లేదులే. ఇంకా చాలామందికి పంపా. కానీ వాళ్ళ తరఫున ఎవరో చదివి, ముగింపు సాధారణంగా ఉందన్నారట. అదొక్కటే నాకు...” చిన్నకోడలు గోళ్ళు చూసుకుంది. “అదే బాగా కుదిరిందనుకున్నా నేను. నువ్వు చదివావుగా, నీకెలా అనిపించింది? నిజం చెప్పక్కా. ముగింపు మార్చమంటావా?”

ఇప్పుడైనా చెప్పొచ్చు. మార్చొద్దే పిచ్చిదానా, ముట్టుకోవద్దు అనొచ్చు. పెద్దకోడలు కిటికీ తెర సర్దింది.

“అన్ని పుస్తకాలు చదివిన మనిషి అన్నారంటే ఏదో ఉండే ఉంటుంది. ఆలోచించు” అంది.

చిన్నకోడలు ఆలోచించింది. ఆవిడకు అక్క మాట అంటే మాటే.

ఆ వారమే పరాయిదేశపు సంపాదకురాలి నుంచి పెద్దకోడలికి ఇంకో ఉత్తరం వచ్చింది. మీ అభిప్రాయం ఎంతో నిశితంగా ఉంది, మీరు స్వయంగా నవలా రచయిత్రి అని తెలిసింది, మీ నవల ఏదైనా పంపుతారా అని అడిగింది. కథ ఒక్క పేజీలో, ఒక అధ్యాయం ఇంగ్లీషులో.

“చూశావా, నువ్వన్నట్టే వెతుక్కుంటూ వచ్చారు” అన్నాడు భర్త. ఎన్నేళ్ళ నుంచో కోరుకున్న మాట అది. వినగానే ఎగిరి గంతెయ్యాలి. పెద్దకోడలు మంచం అంచున కూర్చుండిపోయింది. దొంగతనంగా తెచ్చుకున్న చీరను కట్టుకుని పేరంటానికి వెళ్ళేవాళ్ళకు ఎలా ఉంటుందో ఆవిడకూ అలాగే ఉంది. అయినా కట్టుకుంది. వద్దని రాయలేదు.

ఒక్క పేజీలో కథ రాయడం మాత్రం చేతకాలేదు. రాసిందల్లా ఉపన్యాసంలా వచ్చింది. చివరికి చిన్నకోడలే వచ్చి పక్కన కూర్చుంది. “ఇది తీసెయ్యక్కా, ఇది వాళ్ళకి అక్కర్లేదు. ఇదిగో, తల్లి తలుపు వేసుకునే చోటుందే, అది ముందు పెట్టు. అక్కడే పడిపోతారు వాళ్ళు.” తన పుస్తకాన్ని కాదన్నవాళ్ళ కోసమే అంత ఇష్టంగా కూర్చుని పేజీ తయారుచేసింది. మధ్యలో అంది, “నా ముగింపు మార్చేశానక్కా. ఇప్పుడు ఆవిడ మంచి టైల్సే కొంటుంది. పిల్లలంతా వస్తారు. ఇంగ్లీషు చేయించి మిగతావాళ్ళందరికీ కొత్తదే పంపేశా.”

“బాగుంది” అంది పెద్దకోడలు. కాగితం మీంచి తల ఎత్తలేదు.

పేజీ వెళ్ళింది, అధ్యాయం వెళ్ళింది. నవల మొత్తం పంపమన్నారు, అదీ వెళ్ళింది. కాలేజీలో అందరికీ తెలిసింది. అత్తగారు పక్కింటావిడకు చెబుతూ “మా ఇద్దరు కోడళ్ళకీ ఉత్తరాలొస్తాయి” అంది. ఇద్దరు అన్న మాట దగ్గర పెద్దకోడలికి ఇంకా చిన్న ముల్లు గుచ్చుకుంది. అంత జరిగాక కూడా.

వాళ్ళ పద్ధతి ఒకటుందని చెప్పుకున్నాం. ఎవరి పుస్తకమైనా ఒకరి చేత చదివిస్తారు. ఈ భాషలో వాళ్ళకు తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. మర్యాదగా ఉత్తరాలు రాసే ఒక రచయిత్రి ఉందిగా, పుస్తకం వద్దన్నా నొచ్చుకోకుండా కృతజ్ఞతలు చెప్పిన ఆవిడ. ఆవిడను అడిగారు. పెద్దకోడలి నవల చదివి చెప్పమని, బంధుత్వం ఏమైనా ఉంటే ముందే చెప్పమని.

చిన్నకోడలు ఆ పూటే జవాబు రాసేసింది. ఆవిడ నా తోటికోడలు, మేం ఒకే మేడలో ఉంటాం, ఆవిడంటే నాకు ప్రాణం కాబట్టి నేను రాసేది మీకు పనికిరాదు, కానీ పుస్తకం మాత్రం తప్పకుండా వెయ్యండి.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, పెద్దకోడలు బట్టలు మడతపెడుతుంటే చిన్నకోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

“వాళ్ళు నాకు క్షమాపణ చెప్పారక్కా.”

పెద్దకోడలి చేతిలో చొక్కా అలాగే ఆగింది.

“నా పుస్తకం చదివింది మా ఇంట్లోవాళ్ళేనని వాళ్ళకి తెలియదట. ఆ అభిప్రాయం చెల్లదట. ఇంకొకరి చేత మళ్ళీ చదివిస్తారట. నీ నవల ఇంక వాళ్ళకి వద్దట. ఆ ముక్క నీకూ రాస్తారట.” చిన్నకోడలు గుమ్మం పట్టుకుంది. “నేనేమీ చాడీలు చెప్పలేదక్కా. నువ్వెవరో మాత్రమే చెప్పాను.”

పెద్దకోడలు మడతపెట్టిన బట్టల మీదే కూర్చుంది. చేజారిన తన పుస్తకం గురించి ఆ క్షణంలో ఆలోచన కూడా రాలేదు. ఎదురుగా ఆ పిల్ల ముఖం చూడటమే కష్టంగా ఉంది.

“నాకు వేరే ఏమీ వద్దు” అంది చిన్నకోడలు. కళ్ళు తుడుచుకోలేదు, అవి కారుతూనే ఉన్నాయి. “ఒక్కటి చెప్పు. ముగింపు సాధారణంగానే ఉందా? నిజంగా నీకు అలాగే అనిపించిందా?”

“లేదు.”

“మరి?”

“ఏడ్చాను” అంది పెద్దకోడలు. “కాలేజీలో, స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చాను. నువ్వు తీసేసిన ఆ ముగింపు నా జన్మలో నేను రాయలేను. రాయలేనని తెలిసి కడుపు రగిలిపోయింది. అందుకే ఆ రెండు ముక్కలు రాశాను. నువ్వొచ్చి మార్చమంటావా అని అడిగినప్పుడు కూడా తెలుసు. తెలిసే ఊరుకున్నాను.”

కింద అత్తగారు రేడియో గొంతు పెంచింది, మళ్ళీ తగ్గించింది.

“అందరికీ మళ్ళీ ఉత్తరాలు రాయాలి” అంది చిన్నకోడలు చివరికి, ముక్కు తుడుచుకుంటూ. “పాత ముగింపే అసలుదని చెప్పాలి. ఎంతమంది నమ్ముతారో.”

పెద్దకోడలు లేచి నిలబడింది. “నేనూ రాస్తాను. ప్రతి ఒక్కరికీ నేనే రాస్తాను. ఆ ముగింపు గురించి నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు రాస్తాను.”

“నువ్వు నా తోటికోడలివని ఇప్పుడు వాళ్ళకి చెప్పాలిగా అక్కా” అంది చిన్నకోడలు. “చెప్పాక నువ్వు మెచ్చుకుంటే ఎవరు నమ్ముతారు?”

అది ఎత్తిపొడుపు కాదు. చిన్నకోడలు నిజంగానే అడిగింది. అక్క ఏదైనా దారి చెబుతుందేమోనని గుమ్మంలో కాసేపు నిలబడింది కూడా.